నీళ్ళు ఎక్కడిదాకా వచ్చినాయి

దిబ్బపాలెం,
నవంబరు 27, గురువారం.

ప్రియమైన రెబెక్కమ్మ అత్తకు,

నీ మేనకోడలు ఎవాంజెలిన్ రాసుకునే వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీ క్షేమం కోరుతున్నాను అని మొదలుపెట్టాలి గదా. ఈసారి దాన్ని కొంచెం తగ్గించి రాస్తాను. ఇక్కడ మేం పొడిగా ఉన్నాం. నాయుడుపేటలో నువ్వూ, లాజరస్ బావా, రోజక్కా పొడిగా ఉన్నారని నమ్ముతాను.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఏందమ్మే అంటావు. నీ ఫోను ఏట్లో కలిసింది. బావ ఫోనుకి చేస్తే ఆయన స్పీకర్లో పెడతాడు. ఒక్క గదిలో, స్పీకర్లో, నువ్వేం చెప్తావు, నేనేం అడుగుతాను? మొన్న చేసినప్పుడు బాగున్నా, బాగున్నా అని రెండుసార్లు అన్నావు. నువ్వు ఒక మాట రెండుసార్లు అన్నావంటే అది అబద్ధమని నాకు చిన్నప్పట్నించీ తెలుసు. అందుకే ఉత్తరం. చదివి దిండు కింద పెట్టుకో.

ఇంటి సంగతి చెప్తాను. నీళ్ళు తీసినాక తాళం నేనే తీసినాను. తలుపు ఉబ్బి బిగుసుకొని ఉంటే సమాధానం తాత వచ్చి భుజంతో ఒక్క తోపు తోసినాడు. తెరుచుకున్నాక తలుపుకి క్షమాపణ కూడా చెప్పినాడు. సంఘపెద్ద అయినాక ఆయన తలుపుల్ని కూడా నొప్పించడు. లోపల అంతా ఒండ్రు. రుబ్బురోలు గుంటలో ఒక జెల్ల చేప పిల్ల ఈదుతా ఉంది. చెంబులో పట్టి కాలవలో వదిలినాను. నీ ఇంట్లో ప్రాణంతో మిగిలింది అదొక్కటే అత్తా. పరుపు నీళ్ళు తాగి ఇద్దరు మనుషుల బరువుంది. కుట్టు మిషను చక్రం తిరగడం లేదు. గోడల మీద నీళ్ళ మరక కిటికీ చువ్వల్లో సగం దాకా ఉంది, టీ తాగేసిన గ్లాసులో మిగిలే చార మాదిరి. వాటన్నిటికంటే వెనక గోడ నన్ను భయపెడతా ఉంది. రొయ్యల గుంటల వైపు పొట్ట ఉబ్బింది. దాన్ని పడగొట్టి మళ్ళీ కట్టందే ఆ ఇంట్లో ఎవరూ పడుకోకూడదని మేస్త్రీ గట్టిగా చెప్పినాడు.

వరదొచ్చిన రోజు పొద్దున్నించీ టీవీలో సోమశిల డ్యాము నించి ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలినారు, సంగం దాటినాయి, నెల్లూరు దాటినాయి అని చెప్తానే ఉన్నారు. బీఎస్సీ చదివినదాన్నని అందరూ నా మొహం చూసినారు. దుర్గక్క అడిగింది, అన్ని క్యూసెక్కులంటే మన గడప దగ్గర ఎన్ని అడుగులమ్మే అని. నాకు తెలీదు. కలెక్టరాఫీసులో ఎవరికైనా తెలుసో లేదో కూడా నాకు తెలీదు. ఏటి మొగ దగ్గర ఇసక మేట వేసుంది, సముద్రం పోటు మీదుంది, కాలవకి అడ్డంగా పెంచలయ్య రొయ్యల గుంటల కట్టలు లేచినాయి. ఈ మూడూ కలిస్తే పోవాల్సిన నీళ్ళు వెనక్కి తిరిగి మన మీదికే వస్తాయని ఏ టీవీ చెప్తుంది? పేరు దిబ్బపాలెం, ఉండేది పల్లం. ఈ పేరు పెట్టినాయనకి వెటకారం బాగా తెలిసుండాలి.

నీకు గుర్తుందా, వేసవిలో పొదుపు సంఘం మీటింగుకి ఇంటి బీమా గురించి చెప్పడానికి ఒకాయన వచ్చినాడు. నాలుగేళ్ళ కింద వచ్చినంత వరద నూరేళ్ళకి ఒకసారి వచ్చేదని బొమ్మ వేసి చూపించినాడు. దుర్గక్క వెంటనే, అట్టయితే మన వంతు అయిపోయింది, ఇంక మన మనవళ్ళ మనవళ్ళు చూసుకుంటారులే అని అందరినీ నవ్వించింది. నేను లేచి, అది కాదక్కా, ఏ ఏడాదైనా నూటికి ఒక పాలు రావచ్చని దాని అర్థం, వచ్చే ఏడే రావచ్చు అంటే, చదువుకున్నోళ్ళ నోట్లో మంచి మాటే ఉండదు అని నన్ను కూర్చోబెట్టినారు. సమాధానం తాత, దేవుడు మబ్బులో ఇంద్రధనుస్సు పెట్టి మాటిచ్చినాడు మళ్ళీ నీళ్ళతో ముంచనని, ఆ మాట మీద గురి లేనోళ్ళే బీమా కడతారు అన్నాడు. నువ్వు మూల నించి, ఆ మాట లోకం మొత్తానికి మామా, దిబ్బపాలెం పల్లానికని విడిగా ఇవ్వలా అన్నావు. గవ్వలాటలో నిన్న పన్నెండు పడిందని ఇయ్యాళ పడకుండా పోతుందా, గవ్వలకి నిన్న గుర్తుంటుందా అని కూడా అని, సంతకం పెట్టేసినావు. పాలెం మొత్తానికి నువ్వొక్కదానివే. నా మాట విన్నది కూడా నువ్వొక్కదానివే. అప్పుడు ఎంత గర్వంగా ఉన్నిందో ఇప్పుడు అంత భయంగా ఉంది.

కంపెనీకి ఫోను చేసినాను. ఒకటి నొక్కు, రెండు నొక్కు అని తిప్పి తిప్పి చివరికి ఒక అమ్మాయి పలికింది. సర్వేయర్ వచ్చి చూసేదాకా ఏ వస్తువూ పారెయ్యకండి, ఉన్నవి ఉన్నచోటే ఉంచండి అని గట్టిగా చెప్పింది. కాబట్టి నీ పరుపు నీ ఇంట్లోనే కుళ్ళుతుంది. ఆ వాసనకి కోళ్ళు కూడా నీ వాకిట్లోకి రావడం లేదు. అయినా పుల్ల కూడా కదలనివ్వను. మా ఇంట్లోనూ చెప్పి పెట్టినాను.

మా ఇంట్లో అంటే అమ్మకి. అమ్మ సంగతి నువ్వు అడగవు, నీ సంగతి ఆమె అడగదు. మీ మధ్య ఉండేది ఒక మూరెడు సందు. నాలుగేళ్ళ కింద వరదకి ఆ సందు మొదట్లో మా వైపు అమ్మ ఇసక బస్తాలు వేసింది. నీళ్ళు మా గడప వదిలి నీ గడప ఎక్కినాయి. నీ మొదటి మిషను అప్పుడే పోయింది. ఆ ఆదివారం మందిరం మెట్ల మీద అందరి ముందరా, ప్రేమలీల నా ఇంటికి ఏరుని పంపించింది అన్నావు. అంతే, ఆ రోజు నించి మీ ఇద్దరికీ మాటల్లేవు. నీది తప్పా, ఆమెది తప్పా అని నేను చిన్నదాన్ని కాబట్టి ఎవరూ నన్నడగలా. అడిగితే ఏరుదే తప్పని చెప్పేదాన్ని. ఈసారి మాత్రం ఎవరూ బస్తాలు వెయ్యలా. నీళ్ళు రెండిళ్ళలోకీ సమానంగా వచ్చినాయి.

బావ మాట నాకు తెలిసింది. క్రిస్మస్ దాకా చూస్తానన్నాడంట. బీమా వస్తే గోడ కట్టించి నిన్ను మళ్ళీ ఇక్కడ దించుతాడు. రాకపోతే ఇల్లూ స్థలమూ పెంచలయ్యకి రాసిచ్చేస్తారు. నీ ఇంటి మీద పెంచలయ్య ఇంకో రొయ్యల గుంట తవ్వుతాడు. బావని తిట్టలేను. టైర్ల షాపులో ఆయన చేతులు చూసినాను. కానీ నువ్వు ఆ హైవే పక్కన, లారీల హారన్లు వింటా, రోజక్క వంటింట్లో ఏ గరిటె ఎక్కడ పెట్టాలో అడుగుతా బతకడం నేను ఊహించుకోలేను. నువ్వు ఒకళ్ళని అడిగి గరిటె పట్టుకున్న మనిషివి కాదు.

బీమా వస్తుంది అత్తా. నేను చూసుకుంటాను.

దేవుడి నీడలో మీరంతా ఉండాలని కోరుతూ,
నీ కోడలుపిల్ల,
ఎవాంజెలిన్


నెల్లూరు,
డిసెంబరు 12, శుక్రవారం.

అత్తా,

వందనాలు. హాస్టల్లో మంచం మీద కూర్చొని హడావిడిగా రాస్తున్నాను, తప్పులుంటే నవ్వుకో.

రెండు వారాలుగా పాలెం పోలేదు. కంప్యూటర్ సెంటర్లో సెలవు అడిగితే మా మేనేజరు, వరద అయిపోయింది గదమ్మా, ఇంకా ఏముంది అన్నాడు. వరద అయిపోవడం అంటే ఏందో ఆయనకి చెప్పాలనిపించింది. జీతం గుర్తొచ్చి ఊరుకున్నాను.

మంచి మాట ముందు చెప్తాను. సోమవారం సర్వేయర్ వస్తున్నాడు. పేరు మధుబాబు. ఆయన నంబరు సంపాదించడానికి నేను పడ్డ పాట్లు వేరే ఉత్తరం అవుతుంది. ఇన్నాళ్ళు ఎందుకండీ అంటే, ఏరు మీ ఒక్క ఊరికే వచ్చిందా అమ్మా అన్నాడు. న్యాయమే.

ఊరికే కూర్చోలేక ఆఫీసులో నెట్టులో వరద మ్యాపులు వెతికినాను. ఆకాశం నించి తీసిన ఫొటోల్లో ఎక్కడెక్కడ నీళ్ళు నిలిచినాయో నీలం రంగులో చూపిస్తారు. మన వైపు చూస్తే తెల్లగా ఉంది. నీళ్ళు రాలేదని కాదు, ఆ రోజు మబ్బు పట్టి ఉన్నింది కాబట్టి కనపడలేదంట. వానొచ్చే రోజు మబ్బు ఉండదా అత్తా? నేను నవ్వితే పక్క సీట్లో అమ్మాయి ఏందే అని అడిగింది. చెప్పినా అర్థం కాదులే అన్నాను. నాకే సగం అర్థమైంది.

పంచాయతీ నించి ముంపు సర్టిఫికెట్ తీసుకుందామని ఊళ్ళోకి ఫోను చేసినాను. పై ఊరోళ్ళు ఒప్పుకోవడం లేదు. ముంపు ఊరు అని కాగితం మీద పడితే పొలాల రేట్లు పడిపోతాయంట, గుంటలకి బ్యాంకు అప్పు పుట్టదంట. తడిసిన ఇళ్ళు అని రాసిస్తాం, మునిగిన ఇళ్ళు అని రాయం అన్నారు. మునగడానికీ తడవడానికీ తేడా తెలియాలంటే వాళ్ళు ఒక్క రాత్రి మన పల్లంలో పడుకోవాలి.

ఫరవాలేదు. ఇల్లే చెప్తుంది. నీ ఇంట్లో అడుగుపెడితే చాలు, ఎవరికైనా తెలిసిపోతుంది.

పాలెంలో క్రిస్మస్ పనులు మొదలైనాయని అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంత జరిగినా సున్నం డబ్బాలు దించినారంట. మన ఆచారం తెలిసిందే గదా, ఆ ఏడాది చావు జరిగిన ఇంటికే సున్నం వెయ్యరు. ఇంటింటికీ తిరిగి పాడే కేరల్స్ వాళ్ళు సున్నం పడని ఇంటి ముందు పాడకుండా తలొంచుకొని దాటిపోతారు. వరదొచ్చినా మనుషులెవరూ పోలేదు కాబట్టి పాలెం అంతా తెల్లగా ఉండాలని సమాధానం తాత మందిరంలో చెప్పినాడంట. దుర్గక్క, మనుషులు పోలా గాని మా గేదె పోయింది తాతా, దానికి లెక్క లేదా అని అడిగిందంట. గేదెకి రక్షణ సంగతి నాకు తెలీదమ్మే అన్నాడంట.

రేపు సాయంత్రం బస్సుకి పోతున్నాను. సోమవారం రాత్రికి నీకు మంచి కబురు రాస్తాను. బావతో తొందరపడొద్దని చెప్పు.

నీ ఎవాంజెలిన్


దిబ్బపాలెం,
డిసెంబరు 17, బుధవారం.

అత్తా,

వందనాలు. సోమవారం రాత్రికి రాస్తానన్నాను. కాగితం ముందు కూర్చున్నాను గాని రాలేదు. నిన్న కూడా రాలేదు. ఇప్పుడు కూడా ఎట్ట చెప్పాలో తెలియక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మధ్యలో ఆపి నీళ్ళు తాగు.

మధుబాబు గారు సోమవారం మధ్యాహ్నం మోటారు సైకిల్ మీద వచ్చినాడు. బూట్లకి పాలిథిన్ కవర్లు తొడుక్కొని దిగినాడు. పాలెం ఆరిపోయి చాలా రోజులైందని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. మర్యాదస్తుడే. దుర్గక్క మజ్జిగ ఇస్తే తాగినాడు, గ్లాసు తనే కడగబోయినాడు.

తాళం తీసి లోపలికి తీసుకుపోయినాను. అత్తా, లోపల గోడలు తెల్లగా ఉన్నాయి. నాలుగు గోడలూ, నేల నించి స్లాబు దాకా, పాలు పోసినట్టు ఉన్నాయి. మధ్యలో ఆ కుళ్ళిన పరుపు, తుప్పు పట్టిన మిషను, ఉబ్బిన బీరువా. పెళ్ళి పందిట్లో ముష్టివాడు కూర్చున్నట్టు ఉంది. క్రిస్మస్‌కని పాలెం మొత్తం కొట్టినారు గదా, దాంతోపాటు నీదీ పడింది. నేను శనివారమే వచ్చినా బయట నించి చూసి ముచ్చట పడ్డానే గాని, సర్వేయర్ రాకముందు తాళం తియ్యకూడదని లోపలికి పోలేదు.

నీళ్ళు ఎక్కడిదాకా వచ్చినాయమ్మా అని ఆయన అడిగినాడు. ఇక్కడిదాకా సార్ అని కిటికీ చువ్వల సగం దగ్గర చెయ్యి పెట్టినాను. ఇక్కడ ఏముందమ్మా అన్నాడు. సున్నం ఉంది సార్ అన్నాను.

తాళంచెవితో గీకినాను. తెలుపు కింద పోయినేటి తెలుపు వచ్చింది. దాని కింద నీలం వచ్చింది, బావ పెళ్ళికి వేయించినావే, ఆ నీలం. మరక మాత్రం రాలేదు. సున్నం వేసే ముందు గోడలు పీచుతో రుద్ది కడిగినట్టున్నారు. ఎవరోగాని పని శ్రద్ధగా చేసినారు. నేను ఇంకో చోట గీకబోతే మధుబాబు గారు, వద్దమ్మా, మీరు గీకేకొద్దీ నేను రాయలేకుండా పోతాను, మీరే చేసినారంటారు అన్నాడు.

అప్పుడు నన్ను కూర్చోబెట్టి చెప్పినాడు. నీ బీమా కాగితంలో వస్తువులు లేవంట, ఇల్లు ఒక్కటే ఉందంట. అంటే మనం ఇన్నాళ్ళు ముక్కు మూసుకొని కాపాడిన పరుపూ మిషనూ ఆయనకి అక్కర్లేదు. ఫోన్లో ఆ అమ్మాయి అందరికీ చెప్పే మాటే మనకీ చెప్పింది. ఇంటికి మాత్రం, వరద నీళ్ళు లోపల నిలిచి గోడ పోతే ఇస్తారు. వాన చెమ్మకి పోయినా, పాతబడి పోయినా ఇవ్వరు. వెనక గోడ ఉబ్బింది కనపడతా ఉంది, ఎందుకు ఉబ్బిందో కనపడటం లేదు అన్నాడు. వరదకీ చెమ్మకీ మధ్య ఉన్నది ఆ మరక ఒక్కటే అత్తా.

ఫొటోలు చూపించినాను. నీళ్ళు తీసిన రోజు ఎన్నో తీసినాను. పరుపుది, మిషనుది, రోట్లో చేపది. వస్తువులు ముఖ్యమని వస్తువులకే తీసినాను. ఒక్కదాంట్లో గోడ మీద మరక మూల కొంచెం పడింది. ఆయన వేళ్ళతో పెద్దది చేసి చూసి, ఈ గోడ ఎవరిదైనా కావచ్చు గదమ్మా అన్నాడు. గోడలకి మొహాలుండవు.

పెంచలయ్య గుంట దగ్గర మోటారు షెడ్డుకి ఎవరూ సున్నం వెయ్యరు గదా అని గుర్తొచ్చి సర్వేయర్ని అక్కడికి లాక్కుపోయినాను. దేవుడి దయ, మరక ఉంది. నా నడుము కంటే పైకి ఉంది. చూడండి సార్, మా అత్త ఇంటికీ దీనికీ ఒకటే లెవెలు అని చెప్తుంటే పెంచలయ్య వచ్చినాడు. అది వరదది కాదు సార్, మా గుంట కట్ట తెగి నిలిచిన నీళ్ళు, మా ఏరియాలో వరద లేదు అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు. నేను, అన్నా, ఆ రోజు నువ్వే మమ్మల్ని ట్రాక్టరు ట్రక్కులో బడి దాకా తీసుకుపోయినావు గదా అన్నాను. తీసుకుపోయినాను పాపా, వాన గట్టిగా ఉందని తీసుకుపోయినా అన్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. ముంపు అని రాస్తే బ్యాంకు ఆయన్ని ముంచుతుంది. రాయకపోతే ఏరు మనల్ని ముంచుతుంది. ఆయన తనవైపు బస్తాలు వేసుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి సమాధానం తాత తెల్ల చొక్కా వేసుకొని నిలబడున్నాడు. బీమా వద్దన్నది నేనే సార్, కానీ నీళ్ళు కిటికీ దాకా వచ్చినాయని దేవుడి ముందు ప్రమాణం చేస్తాను అని చెయ్యెత్తినాడు. మధుబాబు గారు, పెద్దాయనా, మీ మాట నేను నమ్ముతాను, మా కంపెనీ ఫొటోని నమ్ముతుంది అన్నాడు. తాత చెయ్యి దించడం మర్చిపోయి అట్టే నిలబడ్డాడు. నేనే పట్టుకొని దించినాను.

పోతా పోతా మధుబాబు గారు జాలిగా, వచ్చేసారి మేం వచ్చేదాకా గోడలు ముట్టుకోకండమ్మా అన్నాడు. దుర్గక్క ఊరుకుంటుందా, వచ్చేసారి అంటే నూరేళ్ళకి గదా సార్, మీ మనవడికి చెప్పి పెట్టండి, మా గోడలు మా మనవళ్ళు చూపిస్తారు అంది. ఆయన నవ్వలేదు. మేమూ నవ్వలేదు.

ఆయన రాసుకున్నది నాకు చదివి వినిపించినాడు. గోడలో చెమ్మ ఉంది, నీరు నిలిచిన ఆధారం లేదు. అంతే. అప్పీలు పెట్టుకోవచ్చు అన్నాడు. ఏం పెట్టి అప్పీలు పెట్టాలో చెప్పలేదు. నిన్న పై ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి సంతకాలు అడిగినాను. టీలు ఇచ్చినారు. సంతకాలు ఇవ్వలా.

నాకు ఒకటి అర్థం కావడం లేదు. నేను వరద ప్రమాదం గురించి మీటింగులో లేచి మాట్లాడినదాన్ని. నూటికి ఒక పాలు అని లెక్క చెప్పినదాన్ని. ఆ లెక్క తప్పు కాదు, నువ్వు బీమా కట్టడం తప్పు కాదు, సర్వేయర్ దొంగ కాదు, తాత అబద్ధమాడలేదు. అందరూ ఎవరి పని వాళ్ళు సరిగ్గా చేసినారు. అయినా నీ ఇల్లు పోతా ఉంది. ఎవరి మీద అరవాలో తెలిస్తే ఈపాటికి అరిచేసుండేదాన్ని.

బావకి ఈ సంగతి నువ్వే చెప్పు, నేను చెప్పలేను. ఆయన పెంచలయ్యకి మాటిచ్చే ముందు ఒక్కసారి నిన్ను తీసుకొచ్చి ఇల్లు చూపించమను. వస్తే మా ఇంట్లో దిగు. నీ కోసం మంచం వాల్చి ఉంచుతాను. దిగవని తెలుసు, అయినా రాస్తున్నాను.

నీ దుఃఖంలో నీ పక్కన కూర్చోవడానికి కూడా బస్సుకి పొద్దుందా లేదా అని చూసుకోవాల్సిన నీ కోడలుపిల్ల,
ఎవాంజెలిన్

తా.క. ఈ కాగితం మడిచినాక మళ్ళీ విప్పినాను. పాలెం వాళ్ళు కొట్టినారు, నీదీ పడింది అని పైన రాసినాను గదా. కుర్రాళ్ళు వరసన కొట్టుకుంటా పోయినారని నువ్వు అనుకోవాలనే అట్ట రాసినాను. నీ ఇంటికి కుర్రాళ్ళెవరూ రాలా. తాళంచెవి మా ఇంట్లో మేకుకి ఉంటుంది.

అమ్మ కొట్టింది అత్తా. నేను నెల్లూర్లో ఉన్నప్పుడు, నాట్ల పని నించి వచ్చి, ఒక్కతే. సోమవారం సాయంత్రం అన్నం కలుపుతుంటే ఆమె వేళ్ళు చూసినాను. సున్నానికి పగిలి ఎర్రగా ఉన్నాయి. మా ఇంటికి లోపలా బయటా కుర్రాళ్ళే కడిగి వేసిపోయినారు, ఆమె చేతులు అట్ట కావాల్సిన పని లేదు. ఏందమ్మా అంటే ముందు మాట దాటేసింది. తర్వాత, బతికున్న మనిషి ఇల్లు చావింటి మాదిరి ఉండకూడదు గదా, కేరల్స్ వాళ్ళు తలొంచుకొని పోతే నేను చూడలేను అంది. నేను వస్తువులు కదపొద్దని చెప్పినానని, ఆ పరుపుని ఒక్కతే ఈడ్చి వాకిట్లో పెట్టి, గోడలన్నీ రుద్ది కడిగి, రెండు పూతలు వేసి, మళ్ళీ దాన్ని ఉన్నచోటే ఉన్నట్టు పెట్టిందంట. మిషను చక్రం ఏ వైపు తిరిగి ఉందో అది కూడా చూసుకొని పెట్టిందంట. నీ మాట ఒక్కటి కూడా తప్పలా పాపా అని నాతో చెప్పింది.

సర్వేయర్ వచ్చినప్పుడు ఆమె పొలంలో ఉంది. ఏమన్నాడు అని అడిగితే రాసుకొని పోయినాడు అన్నాను. ఇప్పటిదాకా ఆమెకి తెలీదు. నాలుగేళ్ళలో మొదటిసారి నీ పేరు ఎత్తి, వదిన ఎప్పుడొస్తుందంట అని నన్ను అడిగింది. ఎవరో చెప్పకముందే నా నోటితో చెప్దామని రెండుసార్లు ఆమె ముందర కూర్చున్నాను. చేతులకి కొబ్బరినూనె రాసి లేచి వచ్చేసినాను.

నువ్వు వస్తే ఆమె సందులోనే నిలబడి ఉంటుంది. పలకరించకపోయినా నిన్ను తప్పు పట్టను. పలకరిస్తే మాత్రం, గోడలు బాగున్నాయి ప్రేమలీలా అని చెప్పు అత్తా. ఇంకేమీ చెప్పొద్దు.